నలభై ఆరుకీ నలభై ఏడుకీ మధ్య

పదిహేడేళ్ళ నుంచి ఒక బొమ్మను మోస్తున్నాను. ఒకే ఒక్క కాగితం. టీవీలో అది కనిపించినంతసేపట్లో మీ కనురెప్ప కూడా పూర్తిగా పడదు. అంత చిన్నది ఇంత బరువెలా అయింది? నాకే తెలియదు. బరువని మాత్రం తెలుసు.

నా పేరు చెప్పను. చెప్పకపోయినా రాజమండ్రిలో నలుగురైదుగురు పోల్చుకుంటారు. పోల్చుకోనివ్వండి. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెబుతున్నాను. తెలిసినవాళ్ళతో మాట్లాడేటప్పుడు వాళ్ళ మొహంలో ఏదో వెతికే జబ్బు నాకు ఎప్పుడో పట్టుకుంది. వీడికి తెలుసా? ఎంత తెలుసు? ఎవరు చెప్పారు? మా ఆవిడ కాఫీ ఇచ్చి ఒక్క క్షణం ఎక్కువ నిలబడితే చాలు, తలెత్తకుండా గ్లాసులోకే చూస్తూ కూర్చుంటాను. పాపం ఆవిడ చక్కెర సరిపోయిందా అని అడగడానికి నిలబడి ఉంటుంది.

రాజమండ్రిలో పిల్లల టీవీ కార్టూన్లు తీసే స్టూడియో ఉండేదంటే ఇప్పుడు మా వీధివాళ్ళే నమ్మరు. ఉండేదండీ. కోటిపల్లి బస్టాండుకి దగ్గర్లో, మోటారు పంపులమ్మే షాపు మీద, రెండో అంతస్తు. ఇరవై మందికి పైగా పనిచేసేవాళ్ళం. ఆదివారం పొద్దున్న పిల్లలు చూసే ‘పీతాంబరం’ అనే సీరియల్ మాదే. పీతాంబరం అంటే ఒక పీత. గోదావరి లంకల్లో ఇసుక మీద అడ్డంగా నడుస్తూ, పడవలెక్కుతూ, అందరి తగవుల్లోనూ తలదూర్చి తన్నులు తినే పెద్దమనిషి.

స్టూడియో పెట్టినాయన్ని అందరం మాస్టారనే పిలిచేవాళ్ళం. స్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి మానేసి, హైదరాబాదు వెళ్ళి ఈ విద్య నేర్చుకుని, మళ్ళీ ఊరికొచ్చి మా అందరికీ నేర్పాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆయన కుడికాలు సన్నబడిపోయింది. చేతికర్ర ఉండేది. మెట్ల మీద ఆ కర్ర చప్పుడు వినపడగానే కబుర్లు ఆపేసి బల్లల మీదికి వంగేవాళ్ళం. మొదటిరోజు ఆయన చెప్పిన పాఠం నాకింకా గుర్తే. మనిషి మొహంలో ఉండడర్రా, నడకలో ఉంటాడు, నడక పట్టుకోండి అనేవాడు. పట్టుకున్నాను. ఇంకెవరిదీ కాకుండా ఆయనదే పట్టుకున్నాను.

అప్పుడంతా కాగితం మీద పని. ఒక్క సెకను నడకకి పన్నెండు బొమ్మలు గియ్యాలి. మే నెలలో కూడా ఫ్యాను ఒకటో నంబరు దాటకూడదు, కాగితాలు ఎగిరిపోతాయి. కింద బల్బు వెలిగే అద్దం బల్ల మీద, మోచేతి కింద తువ్వాలు పెట్టుకుని గీసేవాళ్ళం. చెమటబొట్టు పడిందా, బొమ్మ మళ్ళీ మొదటికొస్తుంది.

పీతాంబరం అసలు బొమ్మలు గీసేది తాయారు. ద్రాక్షారామం పిల్ల. రోజూ బస్సులో వచ్చి వెళ్ళేది. మాస్టారు తయారుచేసిన అందరిలోకీ ఆవిడే గట్టిది. ఆయన కూడా సొంత కూతురికంటే ఎక్కువగా చూసేవాడు. ఆవిడ నీలం పెన్సిల్‌తో చకచకా గీకి ఇస్తే, దాని మీద తెల్లకాగితం పెట్టి, ఆ పది గీతల్లోంచి ఒక్క గీతని ఏరి నల్లగా దిద్దడం నా పని. దాన్ని క్లీనప్ అనేవాళ్ళం. ఆ పనికి ఒక నియమం ఉంది. క్లీనప్ చేసేవాడికి సొంత గీత ఉండకూడదు. ఎవరి బొమ్మ దిద్దితే వాళ్ళ చెయ్యయిపోవాలి. తాయారు గీత లావుగా మొదలై, చివర చటుక్కున పైకి లేచి ఆగిపోయేది. అది నాకు ఎంత అలవాటయిందంటే, కిరాణా చీటీ రాసినా అక్షరాలు చివర్లో అలాగే లేచేవి.

ఇంకొక్కటి చెప్పాలి. దిద్దిన ప్రతి కాగితానికీ కింద కుడి మూల నంబరు నేనే వేసేవాణ్ణి, నల్లగా, చుట్టూ సున్నా చుట్టి. టీవీలో ఆ మూల కనపడదు. ఆ కట్ట మళ్ళీ తాయారు దగ్గరికి వెళ్ళేది. ఆవిడ కాగితాలన్నీ ఫరఫరా తిప్పి చూసుకుని, సరే అన్నాకే స్కానింగుకి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆగస్టు నెల. గోదావరికి నీళ్ళొచ్చిన రోజులు. ఎనిమిది రోజులుగా తాయారు సీనే దిద్దుతున్నాను. పీతాంబరం ఇసుక మీద నడిచి పడవ దగ్గరికి వెళ్ళే సీను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మాస్టారు హాల్లో అటూ ఇటూ తిరుగుతూ ఎవర్నో కేకలేస్తున్నాడు. కర్ర, మంచికాలు, సన్నకాలు. కర్ర, మంచికాలు, సన్నకాలు. నా చేతికి ఏం పుట్టిందో, నలభై ఆరో కాగితం అయ్యాక ఒక కొత్త కాగితం తీశాను. పీతాంబరానికి మాస్టారి కళ్ళజోడు పెట్టాను. మీసం పెట్టాను. ఎనిమిది కాళ్ళలో ఒకటి సన్నగా, పొట్టిగా గీసి, దాని పక్కన చేతికర్ర ఆనించాను. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. అచ్చం మాస్టారే. మూల మీద 46-ఏ అని వేసి, సున్నా చుట్టి, నలభై ఆరుకీ నలభై ఏడుకీ మధ్య పెట్టేశాను.

ఎందుకు? తాయారు నవ్వుతుందని. కాగితాలు తిప్పుతూ ఉంటే మధ్యలో చటుక్కున మాస్టారు తగులుతాడు, ఆవిడ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతుంది, కాగితం తీసి నా మీదికి విసురుతుంది. అంతే. నిజంగా అంతేనా? రెండో సిరీస్‌కి డైరెక్షన్ తాయారుకే ఇస్తారని అప్పటికే గుసగుసలు వినిపిస్తున్నాయి. నేను ఆవిడకంటే మూడేళ్ళు సీనియర్ని. కడుపుమంట లేదని ఒట్టేసి చెప్పగలనా? ఆ రోజు లేదనే అనుకున్నాను. ఇప్పుడు నా మాట నేనే నమ్మను.

మర్నాడు పొద్దున్నే నన్ను భీమవరం పంపారు. సీరియల్‌కి పెట్టుబడి పెట్టిన పెద్దాయన అక్కడ రొయ్యల మేత వ్యాపారం చేసేవాడు. ఆయనకి కొత్త బొమ్మలు చూపించి రావాలి. రెండురోజులు అక్కడే అయింది. ఇక్కడేమో వరదకి రోడ్డు మునిగి తాయారు రాలేకపోయింది. చానెల్‌కి పంపాల్సిన గడువు దగ్గరపడింది. ఎవరో నా బల్ల మీది కట్ట తీసి, తిప్పి చూడకుండానే స్కానింగుకి ఇచ్చేశారు. ఆ సంగతి నాకప్పుడు తెలియదు. నేను వచ్చేసరికి కట్ట లేదు, తాయారు తన సీట్లో ఉంది. చూసేసింది, తీసేసింది అనుకున్నాను. నవ్వలేదేంటబ్బా? కోపం వచ్చిందా? మాస్టారికి చూపించిందా? అడగడానికి నామోషీ. నెలరోజులపాటు ఆవిడ ఎటు చూస్తే అటు అనుమానంగా చూశాను. ఆవిడ మామూలుగా ఉండేకొద్దీ ఏదో దాస్తోందనిపించేది. ఆవిడకి అసలేమీ తెలియదన్న ఒక్క సంగతి తప్ప అన్నీ అనుమానించాను.

సీరియల్ వచ్చింది. ఎవరూ పట్టుకోలేదు. నేను కూడా చూశాను. ఆ సీనప్పుడే మా అమ్మ ఉప్మా పెట్టనా అని టీవీకి అడ్డమొచ్చింది.

కొన్ని నెలలకి, సీరియల్ మళ్ళీ వేసేముందు చానెల్‌లో ఎవరో ఒక్కో బొమ్మా ఆపి చూశారు. ఉత్తరం వచ్చింది. పిల్లల కార్యక్రమంలో దొంగబొమ్మ పెట్టారు, ఇది ఒకటి దొరికింది, దొరకనివి ఇంకెన్ని ఉన్నాయో, మొదటి భాగం నుంచీ అన్నీ వెతికి చూపించండి, చేసినవాళ్ళని తీసెయ్యండి, అప్పటిదాకా రెండో సిరీస్ మాట ఎత్తకండి అని.

ఇక చూడండి స్టూడియో తమాషా. పదిహేనురోజులపాటు కిటికీలు మూసి, మానిటర్ ముందు నలుగురేసి కూర్చుని, మీట నొక్కడం, చూడడం, నొక్కడం, చూడడం. పీతాంబరం ఒక కాలు ఎత్తుతాడు. నొక్కు. ఇంకో కాలు. నొక్కు. కళ్ళు మండిపోయేవి. అప్పటిదాకా ఒకే క్యారేజీలో తిన్నవాళ్ళు ఎవరి క్యారేజీ వాళ్ళు విప్పుకోవడం మొదలెట్టారు. ఎవరైనా నవ్వితే, ఏంటండీ నవ్వుతున్నారు అనేవాళ్ళు. నవ్వకపోతే, ఏంటండీ అలా ఉన్నారు అనేవాళ్ళు. కాగితం మడిచి చెత్తబుట్టలో పడేస్తే వెనకాలే ఇంకొకరు తీసి విప్పి చూసేవారు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ తప్పూ చెయ్యనివాళ్ళే ఎక్కువ కంగారుపడ్డారు. నేను కంగారుపడలేదు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా మీట నొక్కుతూ కూర్చున్నాను.

ఆ వరద రోజుల్లో ఎవరు వచ్చారో, కట్ట ఎవరి చేతిమీదుగా వెళ్ళిందో అప్పటికి ఎవరికీ గుర్తు లేదు. నన్ను అనుమానించే ప్రశ్నే లేదు. సొంత గీతే లేనివాణ్ణి కదా! పైగా ఎవరి గీత ఏదో చూసి చెప్పగలిగింది నేనొక్కణ్ణే అని పేరు. వెతకడం పూర్తయ్యాక మాస్టారు నన్ను తన గదిలోకి పిలిచాడు. మధ్యాహ్నం మూడయి ఉంటుంది. ఆ కాగితం స్టోరులోంచి ఆయనే స్వయంగా తీసుకొచ్చాడు. అద్దం బల్ల మీద పెట్టి, బల్బు వేసి, కింద మూలన బొటనవేలితో నొక్కిపట్టి కూర్చున్నాడు.

“ఇది ఎవరి గీతరా?”

నేను వంగి చూశాను. చూస్తున్నట్టు నటించాను.

“మొహం గీస్తే నవ్వుకునేవాణ్ణిరా. మీసం గీసినా, కళ్ళజోడు గీసినా ఫ్రేము కట్టించుకునేవాణ్ణి. కాలు గీశారు చూడు.”

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే చెప్పేసేవాణ్ణేమో. ఏమో!

“నీ బల్ల మీదికి వచ్చిందా ఇది?”

“లేదండి మాస్టారూ.”

“నీ దగ్గరికి రాకుండా ఎలా వెళ్ళింది?”

“నేను ఇచ్చేశాక మధ్యలో పెట్టుంటారండి.”

“ఎవరు?”

నేను కాగితం మీదికి ఇంకొంచెం వంగాను.

“గీత చూసి చెప్పరా. నీ కన్ను తప్పదుగా.”

“తాయారు గారి గీతలా ఉందండి.”

“ఆవిడ గీతలా ఉందా, ఆవిడదేనా?”

“ఆవిడదేనండి.”

 ఆయన బల్బు ఆర్పేశాడు.

“సరే. కిందికెళ్ళి టీ చెప్పు.”

టీ చెప్పడానికి మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది. నంబరు! 46-ఏ. నా బల్ల మీదికి రాలేదని చెప్పిన కాగితం మీద నా చేతిరాత, నా సున్నా. మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఆయన చూడలేదా? అది సరిగ్గా ఆయన బొటనవేలి కిందే ఉంది. మరి ఆయన వేలు అక్కడికే ఎందుకు వెళ్ళింది? మామూలుగా పట్టుకున్నాడా, దాచి పట్టుకున్నాడా? స్టోరులో కాగితం తీసినప్పుడు మూల చూడకుండా ఎవరైనా ఉంటారా? నంబరు చూసే కదా వెతికేది! చూసి ఉంటే అన్నిసార్లు ఎందుకు అడిగాడు? నాకు అవకాశం ఇస్తున్నాడా?

అప్పుడైనా మెట్లెక్కి వెనక్కి వెళ్ళవచ్చు. పద్దెనిమిది మెట్లు. టీ చెప్పి వచ్చాను.

మర్నాడు తాయారుని పిలిచారు. గది తలుపు దగ్గర నేనూ ఉన్నాను. చానెల్‌కి ఒక పేరు రాసి పంపాలమ్మా, రేపటి నుంచి రావద్దు అన్నాడు మాస్టారు. ఆవిడకి అర్థం కాలేదు. ఆయన కాగితం ముందు పెట్టాడు. నేను పైన తిరుగుతున్న ఫ్యానుని చూస్తూ నిలబడ్డాను కాబట్టి ఆవిడ ఏం చూసిందో, మూల కనిపించిందో లేదో నాకు తెలియదు. ఆవిడ నేను కాదండీ అనలేదు. ఏడవలేదు. కాసేపయ్యాక నా పక్కనుంచి బయటికి వెళ్తూ నా మొహంలోకి కాదు, నా చేతిలోకి చూసింది. కుడిచేతిలోకి. లేక నాకలా అనిపించిందా? పదిహేడేళ్ళలో ఆ చూపుని నేను ఎన్నిసార్లు దిద్దుకున్నానో, అసలు గీత ఏదో ఇప్పుడు కనపడదు.

ఇంకే స్టూడియో ఆవిణ్ణి తీసుకోలేదు. పిల్లల బొమ్మల్లో చెత్త దాచే మనిషి అన్న మాట హైదరాబాదు దాకా పాకింది. అదే మాట నాకు సర్టిఫికెట్టయింది. గీత చూసి దొంగని పట్టేశాడటగా అని నాకు అక్కడ పిలిచి మరీ ఉద్యోగం ఇచ్చారు. నా అబద్ధం పెట్టిన కూడు పదేళ్ళు తిన్నాను. ఇప్పుడు మళ్ళీ ఊళ్ళోనే ఉంటూ, కంప్యూటర్లో వేరేవాళ్ళ బొమ్మల్లో తప్పులు వెతికిపెడుతున్నాను.

ఒకసారి మా ఎదురింటి అమ్మాయి ఇంటర్ జువాలజీ రికార్డు చూపించింది. రొయ్య బొమ్మ. మీసం గీత లావుగా మొదలై చివర చటుక్కున లేచి ఆగింది. ఎవరు గీశారమ్మా అన్నాను. ద్రాక్షారామంలో ఒక ఆంటీ గీసిపెడతారండి, కాలేజీ పిల్లలందరివీ ఆవిడే గీస్తారు అంది. పీతకి ప్రాణం పోసిన చెయ్యి, పిల్లల రికార్డుల్లో బొద్దింకలూ కప్పలూ గీస్తోంది.  అయినా ద్రాక్షారామం బస్సెక్కలేదు. ఎంతదూరమండీ? గంటన్నర.

స్టూడియో కొన్నేళ్ళకి మూతపడింది. కాగితం పని పోయింది, పెట్టుబడి పెట్టిన భీమవరం పెద్దాయన చెయ్యి ముడుచుకున్నాడు. మాస్టారు పోయి ఐదేళ్ళయింది. పెద్దకర్మ రోజున ఆయన ఫొటో ముందు నిలబడి కూడా నేను అడిగిందొక్కటే. మీకు తెలుసా? తెలిస్తే నన్నెందుకు కొట్టలేదు? ఆవిడ ఎక్కడున్నా బతుకుతుంది, వీడికి సొంత గీత కూడా లేదు, వీడు బతకలేడు అనుకున్నారా? ఒక్కోసారి చచ్చిపోయిన ఆ మనిషి మీద నాకు పట్టరాని కోపం వస్తుంది. సిగ్గులేకపోతే సరి!

ఇదంతా ఇప్పుడెందుకంటారా. భీమవరంలో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఒకమ్మాయి మా స్టూడియో చరిత్ర పుస్తకంగా రాస్తోంది. చిన్నప్పుడు ఆదివారం పీతాంబరం చూడందే స్నానానికి లేచేది కాదట. ఆ అమ్మాయి చెప్పాకే నాకు తెలిసింది, ఆ ఒక్క బొమ్మ ఇప్పుడు ఫోన్లలో తిరుగుతోందని. కళ్ళజోడు పెట్టుకున్న కుంటిపీత. ఎవరో స్టిక్కర్ చేశారు. మొన్న మా తోడల్లుడు దాన్నే గుడ్ మార్నింగ్ అని పంపాడు. ఫోను బోర్లా పెట్టేశాను.

పోయినవారం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. పుస్తకంలో ఒక అధ్యాయం పేరు ‘తాయారు గారి కొంటె బొమ్మ’ అట. అప్పుడు గీత గుర్తుపట్టింది మీరే కదండీ, ఇది తాయారు గారిదేనని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టివ్వండి, అచ్చు వేస్తాం అంది. తాయారు గారిని అడిగావా అమ్మా అన్నాను.  “అడిగానండీ. ఆయన్నే అడగండి అన్నారు. అంతే, ఇంకేం చెప్పలేదండి.”

ఆయన్నే అడగండి! విసుగా అది? వెటకారమా? తెలిసి అందా, తెలియక అందా? మూడురోజులు ఆ ముక్కని తిరగేసి బోర్లేసి చూశాను. ఈ అమ్మాయికి కూడా ఏదో చెప్పి ఉంటుంది, నన్ను ఇరికించడానికే ఫోన్ చేయించింది అని కూడా అనుకున్నాను. చూశారా నా బుద్ధి? తప్పు చేసిన నేను, ఆవిణ్ణే మళ్ళీ అనుమానిస్తున్నాను.

నాలుగోరోజు ఆ అమ్మాయి అసలు కాగితం ఫొటో పంపింది. మాస్టారి కూతురు వాళ్ళ ట్రంకుపెట్టెలో దొరికిందట. ఫోనులో వేళ్ళతో పెద్దది చేసి చూశాను. కాగితం పసుపుపచ్చగా అయింది. గీత మాత్రం నిన్న గీసినట్టుంది. కళ్ళజోడు, మీసం, కర్ర, ఆ కాలు. నెమ్మదిగా కిందికి జరిపాను. కుడి మూల.

మూల లేదు. చింపేసి ఉంది. పురుగు కొట్టింది కాదు, పాతబడి విరిగింది కాదు. మడతపెట్టి, గోటితో గీసి, శ్రద్ధగా చింపింది. నంబరు ఉన్నంతమేరే.

ఎవరు చింపారు? మాస్టారా? నన్ను కాయడానికా, లేక నా మొహం చూసినప్పుడల్లా ఆ అంకె గుర్తురాకుండానా? తాయారుకి చూపించకముందే చింపాడా, తర్వాతా? లేక ఆ రోజు ఆ గదిలో తాయారే చింపి గుప్పెట్లో పెట్టుకుని, నా చేతిలోకి చూసి వెళ్ళిందా? ఇప్పుడు నన్ను పట్టించే ముక్క ఈ లోకంలో లేదు. సంతకం పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది. నిజం చెబుతున్నాను, పెన్ను కూడా తీశాను.

రెండు ముక్కలు రాయమంది కదా, ఇన్ని పేజీలయ్యాయి. వీటినే ఆ అమ్మాయికి పంపుతున్నాను. నా పేరు ఆ అమ్మాయికి తెలుసు, పుస్తకంలో వేసుకోవచ్చు. ఇంకొక నకలు ద్రాక్షారామం వెళ్తోంది. తాయారు దీన్ని చదువుతుందో, చింపేస్తుందో, రికార్డులు చుట్టడానికి వాడుతుందో ఆవిడ ఇష్టం. క్షమించమని అడగడంలేదు. అడిగే మొహం లేదు. పోయిన పదిహేడేళ్ళు పోయినవే. పొద్దున్న మా ఆవిడ కాఫీ ఇచ్చి ఒక్క క్షణం ఎక్కువ నిలబడింది. నేను తలెత్తి చక్కెర సరిపోయింది అన్నాను. అంతవరకే తేలికైంది.

తాయారు గారూ, ఆ అమ్మాయి అడిగింది. చెబుతున్నాను. ఆ బొమ్మ మీది కాదు. చినిగిపోయిన ఆ మూలన ఉన్న అంకె 46-ఏ. వేసింది నేను. దాని చుట్టూ సున్నా చుట్టింది కూడా నేనే.